జూనో ఉయ్యాలలో ఉల్లిపాయలు

మా కొండ ఊరు పొజ్జోరానోలో పాత రోమన్ దేవుళ్ళంటే ఎవరికీ చిటికెడు భయం కూడా మిగల్లేదంటే, ఆ పాపం మొత్తం క్విరీనోదే. పుట్టింది పందులు కోసే ఇంట్లో. పేరు మాత్రం సాక్షాత్తూ రోము నగరం కట్టిన రోములస్ మహారాజు చచ్చి దేవుడయ్యాక తగిలించుకున్న పేరు. వాళ్ళ నాన్నకి చదువు రాదు గానీ గొప్పలు దండిగా వచ్చు. ఆ రోములస్ పెళ్ళాం పేరు ఎర్సీలియా. మన క్విరీనో పెళ్ళాం పేరూ ఎర్సీలియానే. పేర్లు కుదిరాయని ఊళ్ళో ఆడవాళ్ళు పట్టుబట్టి ఆ పెళ్ళి చేశారని కొందరంటారు. అసలు సంగతి వేరు. ఎర్సీలియా వాళ్ళింట్లో పందిని కోయడానికి వెళ్ళిన క్విరీనో, పని వదిలేసి వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పిల్లకి పద్యాలు పాడుతుంటే పంది కాస్తా తాడు తెంపుకుని కొండెక్కింది. పంది పోతే పోయింది, కనీసం వీణ్ణయినా కట్టేయండి అన్నాడట ఆవిడ తండ్రి.

చలికాలం వస్తే క్విరీనో కత్తుల సంచీ భుజాన వేసుకుని కొండ మీది ఇళ్ళన్నీ తిరిగేవాడు. ఇటు చేతులు పందిని ముక్కలు చేస్తుంటే అటు నోరు దేవుళ్ళని ముక్కలు చేసేది. అతని జూపిటర్ మబ్బుల మీద కూర్చునే రకం కాదు, పంచాయతీ ఆఫీసులో కూర్చుని సంతకానికి రేపు రమ్మనే రకం. ఆ దేవుళ్ళ రాజు ఎవరో పిల్ల మీద మోజుపడి ఎద్దు వేషం కట్టాడని పాత కథ. క్విరీనో కథలో అయితే ఆ ఎద్దుని జనం నిజం ఎద్దే అనుకుని రియేతి సంతకి తోలుకుపోతారు, పళ్ళు చూసి ముసలిదని ఎవరూ కొనరు. యుద్ధాల దేవుడు మార్స్ పోలీసు సార్జెంటు, కొట్లాట అయిపోయాక వచ్చి ఎవర్రా కొట్టుకున్నది అంటాడు. మెర్క్యురీ పోస్టుమాను, ఉత్తరాలు ఆవిరి పట్టి చదివాకే పంచుతాడు. వీనస్ ఎవరో మాత్రం ఎన్నడూ చెప్పలేదు, అదీ అతని తెలివి. ఊళ్ళో ప్రతి ఆడదీ అది తనేనని లోలోపల మురిసిపోయి, పైకి మాత్రం పక్కింటావిడ అనేది.

ఫుల్జెన్సియో ఫాదర్‌కి ఇదంతా మహా మంట. పునీతుని పండుగలో ఈ దిక్కుమాలిన దేవుళ్ళ గోల ఏమిటని ప్రతి ఏడూ పీఠం మీంచి కడిగేసేవాడు. కడిగేసి, మధ్యాహ్నం పద్యాల పోటీకి అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చునేవాడు. ఆయన నవ్వుకి రెండు కుర్చీలు విరిగాయి కూడా.

మా కొండల్లో పద్యం కాగితం మీద రాయరు, నిలబడి పుట్టిస్తారు. పండుగ ఆదివారం మధ్యాహ్నం చర్చి ముందు అరుగు మీద ఇద్దరు కవులు ఎదురెదురుగా నిలబడతారు. జనం ఇచ్చిన విషయాల్లోంచి ఒకటి ఫాదర్ టోపీలోంచి తీస్తారు, ఎవరు ఏ పక్షమో చీటీ వేస్తారు. ఒకడు ఎనిమిది పాదాలు పాడితే, ముగించిన ప్రాసతోనే రెండోవాడు వెంటనే అందుకోవాలి. ఆలోచించుకుంటూ ఆగితే జనం నెమ్మదిగా చప్పట్లు కొట్టడం మొదలుపెడతారు. అవి మెచ్చుకునే చప్పట్లు కావు, దిగిపోరా నాయనా అనే చప్పట్లు. గెలిచినవాడికి ఉప్పులో ఊరి ఎండిన పంది తొడ ఒకటి ఇస్తారు. ఆ తొడ చేసి ఇచ్చేది క్విరీనోనే, చాలాసార్లు గెలిచి తిరిగి ఇంటికి తెచ్చుకునేదీ క్విరీనోనే. ఇది మోసం కాదా అని పక్క లోయవాళ్ళు అడుగుతారు. మోసం కాదు, పనితనం అంటాం మేము.

పోయినేడు జరిగిందే అసలు గొడవ. ఆ ఏడు టోపీలోంచి రోములస్ తర్వాత రాజైన నూమాకీ జూపిటర్‌కీ జరిగిన బేరం వచ్చింది. పిడుగులు ఆపాలంటే నాకు తలలు బలివ్వమంటాడు జూపిటర్. అలాగే స్వామీ, ఇదిగో ఉల్లిగడ్డ తల అని ఇస్తాడు నూమా. దేవుడికే టోపీ పెట్టిన కథ కాబట్టి మా వాళ్ళకి అది ప్రాణం. క్విరీనోకి జూపిటర్ పక్షం వచ్చింది. నూమా పక్షం ఓరెస్తేకి. ఓరెస్తే గొర్రెపాల జున్ను చేసుకు బతుకుతాడు, అరుగు మీద పగవాడు, అరుగు దిగితే క్విరీనోకి ప్రాణమిత్రుడు. ఓరెస్తే ఆ రోజు రెచ్చిపోయి, తీసుకో ఉల్లితల, తీసుకుపోయి నీ పెళ్ళానికివ్వు అని ముగించాడు. క్విరీనోకి ప్రాస అందలేదు. చప్పట్లు మొదలయ్యాయి. పడిపోయేవాడు చేతికి దొరికింది పట్టుకున్నట్టు, తన ఇంట్లోంచే ఒకటి లాగి పద్యం ఇలా ముగించేశాడు.

"ఊరి ఉయ్యాలలన్నీ ఊపింది జూనోరాణి,
సొంత ఉయ్యాలలో బిడ్డేదీ, ఉల్లిపాయలే గానీ!"

జూనో అంటే జూపిటర్ పెళ్ళాం, కాన్పు నొప్పుల్లో ఆడవాళ్ళు తలుచుకునే దేవత. పొజ్జోరానోలో ఎవరికి నొప్పులొచ్చినా వేడినీళ్ళు కాచి పక్కన కూర్చునేది ఎర్సీలియా. ఆ ఇద్దరికీ పిల్లల్లేరు. క్విరీనో తండ్రి మనవడి కోసం ముందే చెక్కి పెట్టిన ఉయ్యాల తొట్టి ఒకటి వాళ్ళింటి కొట్టు వెనక గదిలో ఉండేది, అందులో ఎప్పుడూ ఉల్లిపాయలు ఉండేవి. పంది కొవ్వు కొనడానికి వెళ్ళిన ప్రతివాడూ దాన్ని చూసినవాడే. ఇక చూసుకోండి, జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఫాదర్ కుర్చీ విరిగింది ఆ రోజే. క్విరీనో పంది తొడ గెలిచాడు.

ఇంటికి వచ్చేసరికి ఎర్సీలియా గిన్నెలు తోముతోంది. వెనక్కి తిరగకుండానే ఒక్క మాట అంది.

"ఆ ఉల్లిపాయలు పోసిందెవరో నీకు తెలుసు."

అంతే. ఆ రోజు నుంచి మొగుడితో మాట మానేసింది. అలిగి పుట్టింటికి పోలేదు, వంట మానలేదు, పక్క మార్చలేదు. మాట ఒక్కటే మానేసింది. ఏం చెప్పాలన్నా పిల్లితో చెప్పేది. ఆ పిల్లి పేరు మినెర్వా, జ్ఞానదేవత పేరు పెట్టింది క్విరీనోనే. "మినెర్వా, సూపు చల్లారుతోందని చెప్పు." "మినెర్వా, ఆ బూట్లు బయట విప్పమను." పిల్లి ఒకసారి ఈయన వంక, ఒకసారి ఆవిడ వంక చూసి మీసాలు నాక్కునేది. క్విరీనో కూడా మొదట్లో వేళాకోళంగా పిల్లికే జవాబు చెప్పాడు. రెండు నెలలకి ఆ వేళాకోళం వెగటు పుట్టించింది. ఇంట్లో ఇద్దరు మనుషులుండి పిల్లితో కాపురం చేయడం ఎంత నరకమో ఎవరికి చెప్పుకుంటాడు?

ఉల్లిపాయలు పోసిందెవరో అతనికి తెలుసు. తెలియకేం. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి పట్నం డాక్టరు ఇక ఆశ పెట్టుకోవద్దన్న రోజున, ఇంటికొచ్చి ఆ ఖాళీ ఉయ్యాలని చూడలేక, పెరట్లో ఆరబోసిన ఉల్లిపాయలు బుట్టతో ఎత్తి అందులో కుమ్మరించినవాడు తనే. ఎర్సీలియా చూసింది. మర్నాడు అందులోంచే రెండు తీసి సూపులోకి తరిగింది. అప్పట్నుంచీ అది ఉల్లిపాయల తొట్టి అయింది. ఏళ్ళు గడిచేకొద్దీ అది తన పని అన్న సంగతే అతను మర్చిపోయాడు. మర్చిపోయాడో, మర్చిపోవడం సుఖమనుకున్నాడో ఆ పునీతుడికే తెలియాలి.

క్షమించమని అడగొచ్చు కదా అంటారు మీరు. నాకూ అదే కోపం. దేవుళ్ళ రాజుని సంతలో బేరం పెట్టే నోటికి, తప్పయిపోయిందే అనే మాట రాదు. మంచి కాలేయం ముక్క తెచ్చి బల్ల మీద పెడితే ఆవిడ దాన్ని పిల్లికి వేసింది. కొత్త శాలువా తెస్తే మడత విప్పకుండా అలమరలో పెట్టింది. ఒకరోజు ధైర్యం చేసి ఆవిడ వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆవిడ చేతిలో గరిటె ఆగింది. ఈ ఏడు చలి ముందే వచ్చేట్టుందే అన్నాడు. గరిటె మళ్ళీ కదిలింది.

మళ్ళీ పండుగ దగ్గరపడింది. ఒకనాడు భోజనాల దగ్గర ఎర్సీలియా పిల్లిని ఒళ్ళోకి తీసుకుని, దాని చెవి వెనక గోకుతూ, చాలా మామూలుగా చెప్పింది.

"మినెర్వా, పండుగ మర్నాడు పొద్దుటి బస్సుకి తెర్నీలో మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. మళ్ళీ రాను. పండుగనాడు ఊరికి పెట్టే సంకటి నా చేతి మీదుగా జరగాలి గనక అప్పటిదాకా ఉన్నాను. నువ్వు కూడా వస్తానంటే బుట్ట ఉంది."

క్విరీనో బల్ల దగ్గర్నుంచి లేచి పడకగదిలో చూశాడు. ఆవిడ పెట్టె అప్పటికే మంచం కింద సర్ది ఉంది. ఇన్నాళ్ళూ అది పాత దుప్పట్ల పెట్టె అనుకున్నాడు పిచ్చి సన్నాసి.

ఆ సాయంత్రం ఓరెస్తే జున్ను కొట్టుకి వెళ్ళి కూలబడ్డాడు. ఓరెస్తే పాలు విరగ్గొడుతూ అంతా విన్నాడు. విని, అందరూ అడిగేదే అడిగాడు.

"ఒరేయ్, తప్పయిందని ఒక్కసారి అంటే నీ నాలుక ఊడి పడుతుందా?"

"నోరు తెరిస్తే వేరే మాట వస్తోందిరా. చలి అంటాను, పంది అంటాను. అది మాత్రం రాదు."

"అరుగు మీద వస్తుంది కదా నీకు, ఎవర్నీ వదలవు."

"అరుగు మీద మాట్లాడేది నేను కాదు, జూపిటర్."

ఓరెస్తే పాలు గెలకడం ఆపాడు. వీడి వంక కాస్త ఎక్కువసేపే చూశాడు.

పండుగ ఆదివారం ఎండ కాసింది. ఊరేగింపు అయింది, పునీతుణ్ణి మళ్ళీ చర్చిలో పెట్టారు. అరుగు పక్కనే పందిరి కింద పెద్ద రాగి కాగులో ఎర్సీలియా మొక్కజొన్న సంకటి గెలుకుతోంది. జనానికి వీపు పెట్టి నిలబడింది. తెడ్డు చెయ్యి మారినప్పుడు కూడా ఇటు తిరగలేదు. ఫాదర్ టోపీలో చెయ్యి పెట్టి విషయం తీసి చదివాడు. జూపిటర్, జూనో, మొగుడూ పెళ్ళాల తగువు. జనం ఊఁ అన్నారు. తర్వాత పక్షాలకి చీటీ వేశారు. ఓరెస్తేకి జూపిటర్ వచ్చింది. క్విరీనోకి జూనో వచ్చింది.

అరుగంతా ఈలలతో దద్దరిల్లిపోయింది. జన్మంతా జూపిటర్‌గా బతికినవాడు ఇప్పుడు పెళ్ళాం పక్షాన వాదించాలి. ఎవరో కుర్రకుంక తల మీద కప్పుకోమని చేతి రుమాలు విసిరాడు. అది ఓరెస్తే చేసిన పనేనా, ఫాదర్‌కి కూడా అందులో వాటా ఉందా అని తర్వాత చాలామంది గుసగుసలాడారు. చీటీల మాట చీటీలకే తెలియాలి, నాకు తెలియదు.

ఓరెస్తే మొదలుపెట్టాడు. ఎద్దునయ్యాను, హంసనయ్యాను, బంగారు జల్లునయ్యాను, ఇంత కష్టపడే మొగుడు నీకెక్కడ దొరుకుతాడే అన్నాడు. క్విరీనో రుమాలు తలకి చుట్టుకుని సన్నగొంతుతో అందుకున్నాడు. ఎన్ని వేషాలు వేసినా బూట్లు బయట విప్పడం నేర్చుకోలేదు కదయ్యా, హంసవై వచ్చిన రోజున ఇల్లంతా ఈకలు ఊడ్చింది నేను కాదా అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. బిడ్డ కావాలంటే నీ తల పగలగొట్టుకుని మినెర్వాని పుట్టించావు, దానికి లోకమంతా నిన్నే పొగిడింది, నేను పువ్వు ముట్టుకుని మార్స్‌ని కంటే తండ్రెవరని ఆరా తీశావు అన్నాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతా సరదాగానే ఉంది. ఈ పాటకి అయినా అటు తిరుగుతుందేమోనని క్విరీనో పద్యం పద్యానికీ పందిరి వంక చూస్తున్నాడు. తెడ్డు ఒకే తీరున తిరుగుతోంది. రేపీపాటికి ఆ చేతులు తెర్నీలో ఉంటాయి.

అప్పుడు ఓరెస్తే, క్విరీనో కళ్ళలోకి సూటిగా చూస్తూ, ఇలా ముగించాడు.

"మొగుడి మీద పడి జూనో, ఎందుకింత ఏడుస్తున్నావు?
పోయి నీ ఉల్లిపాయల ఉయ్యాల ఊపక ఇక్కడేం చేస్తున్నావు?"

పోయినేటి పద్యం అందరికీ గుర్తొచ్చింది. మళ్ళీ అదే నవ్వు లేచింది. క్విరీనో మొదటిసారి ఆ నవ్వుని అవతలి పక్కనుంచి విన్నాడు. చెంప మీద కొట్టినట్టుంది. పందిరి కింద తెడ్డు ఆగిపోయింది.

అతను పందిరి వంకే చూస్తున్నాడు. చప్పట్లు మొదలయ్యాయి, ఒకటి, ఒకటి, మళ్ళీ ఒకటి. క్విరీనో తల మీది రుమాలు తీసేశాడు. సన్నగొంతు మానేశాడు. పందులు కోసే మనిషి గొంతు ఎలా ఉంటుందో అలాంటి గొంతుతో, నెమ్మదిగా పాడాడు.

"ఖాళీ ఉయ్యాల చూడలేక కళ్ళు మూసుకున్నావు,
ఉల్లిపాయలు తెచ్చి పోసింది నేను కాదు, నువ్వు.
ఊరి ముందు ఆ నింద నా నెత్తిన వేసి పోయావు,
ఊరు నవ్వింది, నీకు దక్కింది ఆ నవ్వు.
ఒక్కొక్కటే నేను తరిగాను, నువ్వు సూపు తాగావు,
నా ఒడిలో మాత్రం పూయలేదు ఏ పువ్వు.
కన్నీళ్ళేంటంటే, ఉల్లి ఘాటన్నావు నాతో,
నిజం తెలిసీ నమ్మాను, నీ మీద జాలితో."

చప్పట్లు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియదు. అక్కడున్న వాళ్ళలో సగం మందిని ఎర్సీలియా వేడినీళ్ళతో ఈ లోకంలోకి తెచ్చింది. ఇప్పుడు వాళ్ళందరూ బూట్ల వంక చూసుకుంటున్నారు. ప్రాస అందుకోవలసింది ఓరెస్తే. టోపీ తీసి చేత్తో పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఆగినవాడు ఓడినట్టు లెక్క గనక ఫాదర్ ముక్కు చీదుకుని, పంది తొడ తెచ్చి క్విరీనో చేతుల్లో పెట్టాడు.

అంతలో పందిరి కిందనుంచి ఎర్సీలియా వచ్చింది. ముంజేతుల దాకా సంకటి, చేతిలో తెడ్డు. అరుగెక్కి తెడ్డు ఓరెస్తేకి ఇచ్చింది, అడుగంటకుండా చూడు అంది. మొగుడి వంక చూడకుండా అతని చేతుల్లోంచి పంది తొడ లాక్కుని భుజానికెత్తుకుంది. ఇదేమిటమ్మా, గెలిచింది అతను కదా అన్నాడు ఫాదర్.

"మాటలు నావి ఫాదర్. ఏడాది క్రితం అన్నాను. ఈ మనిషికి ఇప్పటికి వినబడ్డాయి."

అని దిగి ఇంటికి నడిచింది. క్విరీనో వెనకాలే నడిచాడు, పక్కన నడిచే ధైర్యం లేక కాస్త ఎడంగా. ఊరు ఊరంతా అరుగు చుట్టూ నిలబడి ఆ ఇద్దర్నీ, ఆ పంది తొడనీ చూసింది. ఓరెస్తే చేతిలో సంకటి అడుగంటింది. ఈ ఏడు అందరం మాడు సంకటే తిన్నాం.

అతను ఇల్లు చేరేసరికి వెనక గదిలోంచి ఈడుస్తున్న చప్పుడు. ఎర్సీలియా ఆ ఉయ్యాలని గుమ్మం దాకా లాక్కొచ్చి, ఒక పక్కకి ఎత్తి, ఉల్లిపాయలన్నీ మెట్ల మీదికి దొర్లించేసింది. అవి మెట్లు దిగుతూ వీధిలోకి పోయాయి, మినెర్వా వాటి వెంట పడింది. ఆవిడ ఉయ్యాల అడుగున దుమ్ము నడుముకి కట్టుకున్న గుడ్డతో తుడిచింది. అలమరలోంచి ఆ కొత్త శాలువా తెచ్చి, మడత విప్పి, అందులో పరిచింది. పంది తొడని తెచ్చి అందులో పడుకోబెట్టింది. కాస్త వెనక్కి నిలబడి తల పక్కకి వంచి చూసింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"అచ్చం నీ పోలికే" అంది.

క్విరీనోకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఎటో పోయి మనిషి మెట్టు మీద కూలబడ్డాడు, భుజాలు కదిలిపోతున్నాయి. ఎర్సీలియా వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమయ్యా, ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలు" అన్నాడు.

మెట్ల మీద ఒక్క ఉల్లిపాయకి కూడా తొక్క ఊడలేదు. ఆవిడ వాటి వంక చూసింది, అతని వంక చూసింది.

"అవును, ఈసారి పంట మహా ఘాటు" అంది.